తెరపై తెలుగక్షరము: మూగచిత్రముల నుండి షోలాపూరు నేతపేటల చేతిఫోను చిత్రముల వరకు

షోలాపూరు నగరపు తూర్పు వైపును మరాఠీవారు 'పూర్వభాగ' మందురు. సాఖర్ పేట, భవానీ పేట, భద్రావతి పేట, దత్తనగరము, అశోక్ చౌకు, కన్నా చౌకు మున్నగు వాడలు అందులోనివే. ఈ వాడలలో మరమగ్గముల చప్పుడు వినవచ్చినంత మేర తెలుగు మాటయు వినవచ్చును. కాని అదే వీధిలో నిలిచి కన్నులతో వెదకినచో తెలుగక్షరము కనబడుట అరుదు. అంగళ్ల పేరు పలకలు మరాఠీ, పెండ్లి పిలుపులు తరచుగా మరాఠీ, పిల్లల చేతిలోని పుస్తకములు పెక్కింట మరాఠీయో ఆంగ్లమో. చెవికి తెలుగు, కంటికి పరలిపి: ఇది ఇచ్చటి మన స్థితి.

ఇటీవలి సంవత్సరములలో ఈ పేటల యువతీయువకులు చేతిఫోనుతో చిన్న చిన్న చలనచిత్రములు తీయుచున్నారు. శ్రావణ పూర్ణిమనాటి మార్కండేయ రథోత్సవము, చాదరులు నేయు కారఖానా, ఇంటి గుమ్మమున కూర్చుండి బీడీలు చుట్టు తల్లి, పెండ్లివారి హాస్యము మున్నగునవి వాని విషయములు. పాత్రలు పలుకునది తెలుగే. తెరపై వ్రాయవలసి వచ్చినపుడు మాత్రము ఆ తెలుగు మాటనే దేవనాగరిలోనో, ఆంగ్లాక్షరములలోనో వ్రాయుట పరిపాటియైనది. తీయువారికి తెలుగు వ్రాత రాకపోవుట ఒక కారణము. చూచువారు చదువలేరను భయము రెండవ కారణము. తెలుగు బడిలో ఉపాధ్యాయుడనగుటచే ఈ రెండును నాకు నిత్య పరిచితములు. తెరపై అక్షరము యొక్క చరిత్రను సంగ్రహముగా పరిశీలించి, దానిని చక్కగా వాడు పద్ధతి యెట్టిదో, ఆ పద్ధతి మన పేటలలో తెలుగు లిపిని నిలుపుటకు ఎంతవరకు తోడ్పడునో ఈ వ్యాసమున విచారింపదలచితిని.

మూగచిత్రముల వ్రాతఫలకములు

1895 డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరమున లూమియేర్ సోదరులు తమ చలనచిత్రములను రుసుము తీసికొని ప్రదర్శించిరి. 1896 జూలై 7వ తేదీన అవియే బొంబాయిలోని వాట్సన్ హోటలున ప్రదర్శింపబడెను. రైలు వచ్చుట, పనివారు కారఖానా నుండి వెలువడుట వంటి ఆ చిత్రములకు వ్రాతతో పని లేకుండెను. కథ ప్రవేశించిన వెంటనే వ్రాతయు ప్రవేశించెను. 1901లో ఇంగ్లండున రాబర్ట్ పాల్ నిర్మించిన 'స్క్రూజ్' చిత్రమునను, 1903లో అమెరికాలో ఎడ్విన్ పోర్టర్ తీసిన 'అంకుల్ టామ్స్ కాబిన్' నందును దృశ్యమునకు దృశ్యమునకు నడుమ అక్షరఫలకములు నిలుపబడెను. కాలము, స్థలము, పాత్రల పలుకులు అను మూడింటిని తెలుపుట ఆ ఫలకముల పని.

మన దేశమున ఈ ఫలకములకు మరియొక చిక్కు ఎదురయ్యెను. ఏ భాషలో వ్రాయవలెను? 1913 మే 3వ తేదీన బొంబాయి కారొనేషన్ సినిమాలో ప్రదర్శింపబడిన ఫాల్కేగారి 'రాజా హరిశ్చంద్ర'కు ఆంగ్లమునను హిందీలోను ఫలకములు కలవు. మద్రాసున నటరాజ మొదలియారు తీసిన 'కీచకవధము'నకు ఆంగ్ల, తమిళ, హిందీ ఫలకములు వ్రాయించిరి. తరువాతి బొంబాయి చిత్రములలో ఒకే ఫలకముపై రెండు మొదలు నాలుగు భాషల వరకు క్రిక్కిరిసి యుండుట సామాన్యమయ్యెను. తెలుగువారిలో చిత్రపరిశ్రమకు ఆద్యుడైన రఘుపతి వెంకయ్యగారు 1914లో మద్రాసున గెయిటీ థియేటరును నిర్మించిరి. ఆయన, ఆయన కుమారుడు ప్రకాశ్‌గారు 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' వెలువరించిరి. అదియు మూగచిత్రమే.

1921 జనాభా లెక్కలలో మన దేశమున అక్షరాస్యులు నూటికి సుమారు ఏడుగురు. అట్టి కాలమున తెరపై వ్రాత యెట్లు పనిచేసెను? చదువు వచ్చినవాడు బిగ్గరగా చదివెడివాడు, ప్రక్కవారు వినెడివారు. కొన్నిచోట్ల కథ చెప్పుటకే ఒక వ్యక్తి తెర ప్రక్క నిలుచుండెడివాడు. జపానులో ఇట్టివారిని 'బెన్షీ' లనిరి. వారికి నటులతో సమానమైన కీర్తి యుండెను. కావున తెరపై అక్షరము పుట్టినది మొదలు చెవితో కలసియే బ్రతికెను. దానిని మౌనముగా చదువుకొను పుస్తకపు అక్షరముతో సమానముగా నెంచరాదు. ఈ చరిత్రలో మనకు గ్రాహ్యమైన మొదటి పాఠమిది. రెండవ పాఠము ఫలకము నిలిచిన కాలమునకు సంబంధించినది: సభలో మెల్లగా చదువువాడు ముగించు వరకు అది తెరపై నుండవలెను. మూడవది, నాలుగు భాషలను ఒకే పలకపై కుక్కినచో ఏ భాషవానికిని సుఖముండదు.

మాట వచ్చిన పిదప

1927లో అమెరికాలో 'జాజ్ సింగర్' వెలువడిన పిదప మాటల చిత్రములు మూగచిత్రములను త్రోసివేసెను. 1929 మే 16వ తేదీన జరిగిన మొట్టమొదటి ఆస్కారు సభలో ఫలకములు వ్రాయువారికొక బహుమానముండెను; దానిని జోసెఫ్ ఫార్నమ్ అందుకొనెను. మరుసటి ఏటికే ఆ బహుమానము తొలగింపబడెను. ఒక వృత్తికి సన్మానమును, సమాప్తియు ఇంచుమించు ఒక్కమారే జరిగినవి.

మన దేశమున 1931 మార్చి 14వ తేదీన 'ఆలం ఆరా' వచ్చెను. అదే సంవత్సరము అక్టోబరు 31వ తేదీన హెచ్.ఎం. రెడ్డిగారి 'కాళిదాసు' వచ్చెను. అందు తమిళమును తెలుగును కలసి వినవచ్చెను. 1932 ఫిబ్రవరి 6వ తేదీన ఆయనదే 'భక్త ప్రహ్లాద' విడుదలయ్యెను. తెలుగు మాట తెరపై వినబడుటతో తెలుగు వ్రాత చిత్రపు మొదటికిని తుదికిని జరిగిపోయెను. పేర్ల పట్టికలలో మాత్రమది వెలుగొందెను. బాపుగారి చేతివ్రాత తెలుగు చిత్రముల పేర్లకును, పుస్తకముల అట్టలకును, తుదకు కంప్యూటరు అక్షరములకును ఒరవడి యగుట తెలుగువారందరు ఎరిగినదే.

మాటల విషయమున ఆనాడొక వివాదము నడిచెను. తొలి చిత్రములలో నాటకరంగపు గ్రాంథిక సంభాషణ వినవచ్చెడిది. 1938లో గూడవల్లి రామబ్రహ్మంగారి 'మాలపిల్ల'కు తాపీ ధర్మారావుగారు వాడుకభాషలో సంభాషణలు వ్రాసి ఆ త్రోవ మార్చిరి. నేను గ్రంథభాషలో వ్రాయుచున్నను, తెరకు మాత్రము తాపీవారి త్రోవయే సరియని ఒప్పుకొనక తప్పదు. నోట వినబడునది యొకటి, కంటికి కనబడునది మరియొకటి యైనపుడు ప్రేక్షకుని మనస్సు రెండుగా చీలును.

మాటల చిత్రములు పొరుగు భాషలకు పోవలసి వచ్చినపుడు అక్షరము తిరిగి తెర క్రిందకు వచ్చెను. వీనినే ఉపశీర్షికలు, అనగా సబ్‌టైటిల్స్, అందుము. ఇవి సామాన్యముగా భాష తెలియనివాని కొరకు వ్రాయబడునవి. షోలాపూరు తెలుగువానికి మరాఠీ మాటకైనను తెలుగు మాటకైనను ఈ సహాయ మక్కరలేదు. ఈ జిల్లావాడైన నాగరాజ్ మంజుళేగారి 'సైరాట్' చిత్రము 2016లో వచ్చినపుడు, అందలి ప్రేమికులు పారిపోయి హైదరాబాదు చేరిన ఘట్టము మన పేటలవారికి ఎవరి అనువాదముతోను పని లేకయే అర్థమైనది. రెండు భాషలను విని గ్రహింపగల ప్రేక్షకుడు మనవాడు. వానికి కొరవడినది అర్థము కాదు, లిపి.

నేతపేటల మాట, బడి వ్రాత

ఈ స్థితి యెట్లు కలిగెనో కొంచెము వెనుకకు పోయి చూడవలెను. 1860లో రైలుమార్గము షోలాపూరునకు చేరెను. 1876 మొదలు 1878 వరకు దక్కనును కరవు పీడించెను. 1877లో ఇచ్చటి మొదటి నూలుమిల్లు పని ప్రారంభించెను. దానినే తరువాతివారు 'జూనీ మిల్లు' అనిరి. నిజాము రాజ్యములోని కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము ప్రాంతముల నుండి పద్మశాలీలు కుటుంబములతో వచ్చి ఇచ్చట స్థిరపడిరి. మగవారు మగ్గముల మీదను, మిల్లులలోను పనిచేసిరి; స్త్రీలలో పెక్కుమంది బీడీలు చుట్టిరి. 1930లో ఈ నగరమున సైనిక శాసనము విధింపబడెను. 1931 జనవరి 12వ తేదీన మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ శిందే, కిసన్ సార్డా అను నలుగురు వీరులు ఉరితీయబడిరి. ఆ నలుగురి విగ్రహములు నేటికిని నగరమధ్యమున నిలిచియున్నవి.

వచ్చినవారు తమ తెలంగాణపు పలుకుబడిని విడువలేదు. చాదరు, కారఖానా, పగారు వంటి మాటలు ఇచ్చట కలసినను వాక్యము తెలుగే. 1956లో భాషారాష్ట్రములు ఏర్పడినపుడు గాని, 1960లో మహారాష్ట్రము ఏర్పడినపుడు గాని మన పేటలు తెలుగు రాష్ట్రములోనికి పోలేదు. 1956లోనే రాజ్యాంగమునకు ఏడవ సవరణ ద్వారా 350-ఎ అధికరణము చేర్చబడెను. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన కల్పింప యత్నింపవలెనని అది రాష్ట్రములను ఆదేశించుచున్నది. తెలుగు బడులు నడచుటకు ఆ ఆధారము కలదు. కాని ఉద్యోగము మరాఠీ ఆంగ్లములతో ముడిపడి యుండుటచే తలిదండ్రులు పిల్లలను ఆ బడులకే పంపుచున్నారు. వారిని నిందించుట తగదు. బీడీ కార్మిక స్త్రీల కొరకు కుంభారి వద్ద 2006లో పదివేల ఇండ్లును, బీడీ, మరమగ్గముల పనివారు మున్నగు కార్మికుల కొరకు 2024 జనవరి 19వ తేదీన రాయ్‌నగరున పదునైదు వేల ఇండ్లును అందజేయబడెను. ఇది గొప్ప మేలు. అయినను అట్లు తరలిపోయిన కుటుంబములకు పాత పేటల తెలుగు బడి దూరమైనది. బడికి రాని పిల్లవాని యొద్దకు అక్షరమే పోవలసిన కాలము వచ్చినది. వాని చేతిలో నుండు తెర ఫోను ఒక్కటే.

ఫోనులో తెలుగు లిపి

చేతిఫోనుతో చిత్రము తీయుట నేడు పరిహాసము కాదు. 2015లో అమెరికాలో షాన్ బేకర్ 'టాంజరిన్' అను పూర్తి నిడివి చిత్రమును ఐఫోనుతోనే తీసి మెప్పు పొందెను. తెలంగాణమున జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గ్రామము నుండి శ్రీరామ్ శ్రీకాంత్ బృందము 2012లో ఆరంభించిన 'మై విలేజ్ షో' పల్లెపలుకునే పెట్టుబడిగా చేసికొని లోకమునకు చేరెను. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన పిదప ఇంటర్నెట్టు చౌకయై, చూచువారి సంఖ్య నేతపేటలలోను పెరిగెను.

ఫోనులో తెలుగు లిపి సులభముగా రాలేదు. ప్రపంచ లిపులన్నిటికి అంకెలు కేటాయించు యూనికోడ్ పట్టికలో 1991 నాటి మొదటి కూర్పుననే తెలుగునకు 128 స్థానములు గల గది లభించెను. ఆ పిమ్మట తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారి 'పోతన', మైక్రోసాఫ్టువారి 'గౌతమి' వంటి అక్షరరూపములు కంప్యూటరులకు వచ్చెను. మన లిపిలో హల్లు, వత్తు, గుణింతము కలసి ఒక్క రూపము దాల్చవలెను. యంత్రమునకు ఇదియే కష్టము. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను అక్షరపు ఒకానొక కూర్పు సందేశములో వచ్చినంతనే ఐఫోనులలోని ప్రయోగములు మూతబడెను. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణ విడుదల చేసెను. జ్ఞానమను మాటలోని మొదటి అక్షరమునే యంత్రము మోయలేకపోయెనని పలువురు నవ్వుకొనిరి. దాని వలన గ్రహింపవలసినది కలదు. చిత్రములు కూర్చు కొన్ని పనిముట్లలో నేటికిని వత్తు విడిపోయి ప్రక్కన పడుట, పొల్లు బయటికి కనబడుట జరుగవచ్చును. కావున చిత్రమును లోకమునకు విడుచుటకు ముందు ప్రతి అక్షరమును కన్నులతో సరిచూడవలెను. పలుకును విని యంత్రము తనంతట వ్రాసిన వ్రాతను నమ్మి యూరకుండరాదు. మరాఠీ మాట కలసిన మన పలుకుబడిని అది తప్పుగా వినును.

జకార్డు నేర్పు పాఠము

అక్షరమును తెరపై నిలుపు విద్య మన నేతవారికి క్రొత్తది కాదు. షోలాపూరు చాదరు, తుండు వస్త్రము 2005-06లో భౌగోళిక గుర్తింపు పొందెను. చాదరు అంచున నేసిన సంస్థ పేరు అక్షరములుగా వచ్చుట అందరు చూచినదే. అది అద్దకము కాదు; జకార్డు నేత. ఫ్రాన్సు దేశస్థుడైన జోసెఫ్ మరీ జకార్డు 1804 ప్రాంతమున రూపొందించిన యంత్రమునకు రంధ్రములు చేసిన అట్టలు తగిలింతురు. నక్షా వ్రాయువాడు ముందుగా గళ్ల కాగితముపై అక్షరమును గీసి, ఏ గడి నిండవలెనో ఏది ఖాళీగా నుండవలెనో గుర్తించును. రంధ్రమున్నచోట కొక్కెము పైకి లేచును, దానితో పడుగు పోగు లేచును, క్రింద పేక సాగును. ఇట్లు గడిగడిగా అక్షరము బట్టలో నిలుచును.

ఫోను తెరయు గళ్ల కాగితమే. నిలువుగా పట్టి తీసిన చిత్రమున సామాన్యముగా అడ్డముగా 1080, నిలువుగా 1920 చుక్కలుండును. వీనినే పిక్సెలు లందురు. ఒక్క పోగుకంటె సన్నని గీత చాదరులో రానట్లే, ఒక్క చుక్కకంటె సన్నని గీత తెరపై రాదు. ఆంగ్లాక్షరము నిటారు గీతలతో నేర్పడినది, చిన్నదైనను గుర్తుపట్టవచ్చును. తెలుగక్షరము గుండ్రనిది, దాని ప్రాణము చిన్న చిన్న గుర్తులలో నున్నది. 'ప'కును 'వ'కును భేదము తలకట్టు అంటుటలో కలదు. 'ద'కును 'ధ'కును భేదము క్రింది చిన్న గీతలో కలదు. 'మ', 'య'లు దూరము నుండి ఒక్కటిగా తోచును. కావున ఆంగ్లమునకు చాలిన పరిమాణము తెలుగునకు చాలదు. చాదరు అంచున అక్షరమును చిన్నది చేసి పోగులు మిగుల్చుకొనజూచు నక్షావాడు తలకట్టును పోగొట్టుకొనును.

ఇంకొక చిక్కు కలదు. మన లిపి పైకిని క్రిందికిని ప్రాకును. మొదటి పంక్తిలోని వత్తులు క్రిందికి దిగును. రెండవ పంక్తిలోని గుడులు, ఏత్వములు పైకి లేచును. ఆంగ్లమునకై ఏర్పరచిన పంక్తుల ఎడము నుంచినచో రెండును ఢీకొనును. పంక్తుల నడుమ ఎడమును పెంచవలెను. రంగు విషయమునను నేతవాని వివేకమే చాలును: నేల యొక రంగు, అక్షరము దానికి బాగుగా ఎదురైన రంగు. కదలు దృశ్యమునకు నేల క్షణక్షణము మారును గనుక తెల్లని అక్షరమునకు నల్లని అంచు కట్టుటయో, అక్షరము వెనుక పలుచని నల్లపట్టీ పరచుటయో మేలు.

ఏమి వ్రాయవలెను, ఎంతసేపు నిలుపవలెను

కంటికి కనబడుదానిని తిరిగి వ్రాయుట వ్యర్థము. చాదరు నేయువాని చిత్రముపై 'చాదరు నేయుచున్నాడు' అని వ్రాసినచో చూచువానికి లాభమేమి? ఆ మగ్గము ఏ యేటిదో, ఆ నేతగాని తాత ఏ ఊరి నుండి వచ్చెనో చిత్రము చెప్పజాలదు. అచ్చట అక్షరము అవసరము. నలుగురు వీరుల విగ్రహములను చూపునపుడు '12 జనవరి 1931' అను మూడు మాటలు చాలును.

మరమగ్గముల షెడ్డులో అక్షరము అవసరమునకు మించి అనివార్యమగును. అచ్చటి చప్పుడులో మనిషి మాట ఫోనునకు సరిగా పట్టుబడదు. పనివారు సైగలతోను, పెదవుల కదలికతోను మాటలాడుకొందురు. ఆ మాటను బయటి లోకమునకు అందించునది అక్షరమొక్కటే. ఏండ్ల తరబడి ఆ చప్పుడులో పనిచేసి వినికిడి తగ్గిన పెద్దలు మన యిండ్లలో కలరు. వారి బ్రతుకుపై తీసిన చిత్రమే వారికి వినబడకపోవుట న్యాయమా? వినికిడి లేనివారికి చిత్రములు అందవలెనను సూత్రమును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము అంగీకరించినది. 2024 మార్చిలో కేంద్ర సమాచార ప్రసార శాఖ సినిమాశాలల ప్రదర్శనలకును మార్గదర్శకములు వెలువరించినది. పెద్ద చిత్రములకు విధియైనదానిని చిన్న చిత్రములు స్వేచ్ఛగా పాటింపవచ్చును.

నిడివి విషయమున మూగచిత్రముల కాలపు నియమమే నేటికిని ప్రమాణము. అయిదవ తరగతి పిల్లవాడు మనస్సులో రెండుమారులు చదువుకొనునంతసేపు వ్రాత నిలువవలెను. ఒక్కసారి రెండు పంక్తులకు మించరాదు. పంక్తికి నాలుగైదు మాటలు చాలును. తెలుగున విభక్తియు క్రియయు మాటతో అంటుకొని మాటను పొడవు చేయుటచే ఆంగ్లపు లెక్క మనకు సరిపోదు. పంక్తిని విరుచుటలోను శ్రద్ధ వలెను. 'మా నాయన మగ్గం' అని మొదటి పంక్తిని, 'మీద కూసున్నడు' అని రెండవ పంక్తిని వ్రాసినచో చదువువాడు తడబడును. 'మా నాయన' అని ఆగి, 'మగ్గం మీద కూసున్నడు' అని వ్రాసినచో ఊపిరి యున్నచోటనే పంక్తి విరుగును.

తావు విషయమున రెండు జాగ్రత్తలు. నిలువు చిత్రపు అడుగుభాగమును రీల్సు, షార్ట్సు వంటి వేదికల గుర్తులు కప్పివేయును. కావున వ్రాతను కొంచెము పైకి జరుపవలెను. నేతచిత్రమున చేతులు, నాడె ప్రధానములు. వానిపై అక్షరము పడరాదు. అక్షరములను ఎగిరించుట, త్రిప్పుట, రంగులు మార్చుట చదువుటకు విఘ్నములు. మాట ఆరంభమైనపుడే వ్రాత రావలెను. మాట కంటె ముందు వచ్చినచో హాస్యము చెడును, వెనుక వచ్చినచో అర్థము చెడును.

విన్న మాటనే చదువుట

ఇక ప్రధాన విషయము. 1996లో బ్రిజ్ కొఠారీగారికి ఒక ఆలోచన కలిగెను: చిత్రగీతములకు అదే భాషలో అక్షరములు వేసినచో, పాట తెలిసినవాడు తనకు తెలియకుండగనే చదువు అభ్యసించును గదా యని. ఆయన అహమ్మదాబాదులోని భారతీయ నిర్వహణ విద్యాసంస్థయందు ఈ పరిశోధన నడిపెను. 1999లో గుజరాతీ దూరదర్శన్ 'చిత్రగీత్' కార్యక్రమమున ఈ పద్ధతి ప్రయోగింపబడి, తరువాత ఇతర భాషలకును వ్యాపించెను. చూపు ఎచ్చట నిలుచునో కొలుచు యంత్రములతో చేసిన పరిశీలనలలో కొద్దిపాటి చదువు గలవారి కన్నులు కూడ అప్రయత్నముగా అక్షరములపైకి పోవుట కనబడినది.

ఈ పద్ధతికి షోలాపూరు కంటె తగిన చోటు అరుదు. పరాయి భాష నేర్చువానికి మాటయు క్రొత్తది, లిపియు క్రొత్తది. మన పిల్లవానికి మాట తల్లి యొడిలోనే వచ్చినది. లిపి యొక్కటే మిగిలినది. 'కూసున్నడు' అని చెవి విన్నపుడు కన్ను ఆ మాటను వెదకికొనును. కాని ఇందుకొక నియమము కలదు: విన్న మాటనే వ్రాయవలెను. నోట 'కూసున్నడు' అనగా తెరపై 'కూర్చుండెను' అని వ్రాసినచో పాఠము చెడును. నా వంటి ఉపాధ్యాయులకు ఇది కష్టముగా తోచవచ్చును. అయినను గ్రంథభాష బడిలో నేర్పవచ్చును. తెరపై అక్షరము ముందుగా పిల్లవానిని బడి గుమ్మము వరకు తీసికొని రావలెను.

ఒక ఆక్షేపణ కలదు. మరాఠీ మిత్రులకు చిత్రము అర్థము కావలదా? కావలెను. అందులకు నాలుగు భాషల ఫలకము నాటి పొరపాటునకు తిరిగి పోనక్కరలేదు. తెలుగు వ్రాతను చిత్రములోనే నిలిపి, మరాఠీ ఆంగ్ల అనువాదములను విడిగా జతచేయవచ్చును. యూట్యూబు వంటి వేదికలలో కావలసినవాడు కావలసిన భాషను తెరచుకొనును. మరియొక ఆక్షేపణ: చిత్రమనగా చూపుట, వ్రాయుట బలహీనత యని. 1924లో జర్మనీలో ముర్నౌ 'ది లాస్ట్ లాఫ్' చిత్రమును ఇంచుమించు ఫలకములు లేకయే నడపి ఆ వాదమునకు బలము చేకూర్చెను. అది గొప్ప కళ. కాని మనకు ఇచ్చట రెండు పనులున్నవి: చిత్రము నిలువవలెను, లిపియు నిలువవలెను. రెండవ పనికి అక్షరము లేక గత్యంతరము లేదు.

దీనికొక హద్దును కలదు. ఒక్క అక్షరమును ఎరుగనివానికి తెర యొక్కటే చదువు నేర్పజాలదు. అ ఆలు, గుణింతములు ఒకరు చేయిపట్టి దిద్దించవలెను. అవి నేర్చి మరచినవారికిని, బడిలో సగము నేర్చి మానినవారికిని తెరపై అక్షరము అభ్యాసమగును. మన పేటలలో ఇట్టివారు తక్కువమంది కారు.

కావున తెలుగు సంఘములవారికి నా మనవి యిది. రాబోవు శ్రావణ పూర్ణిమకు రథోత్సవ చిత్రములు తీయు యువకులను పిలిచి, తెలుగు పలుకునకు తెలుగు వ్రాతయే వేయుడని కోరవలెను. వ్రాత రానివారికి తెలుగు బడుల ఉపాధ్యాయులము వ్రాసియిత్తుము, తప్పులు దిద్దియిత్తుము. దీనికి సొమ్ముతో పని లేదు. చిత్రమునకొక సాయంకాలపు శ్రమ చాలును. పెద్దల పేర్లు, వారు వచ్చిన ఊళ్లు, వారు నేసిన చాదరుల రకములు తెలుగక్షరములలో ఆ చిత్రములందు నిలిచినచో, మనుమలు వానిని చూచుటయే గాక చదువుదురు. విజ్ఞులు దీనిని ఆలోచింతురు గాక.